రిపోర్టులో ‘మెటాస్టాసిస్’ అని ఉంటే ఎలా చదవాలి

స్కాన్ సెంటరువాళ్ళు కవరు చేతిలో పెట్టగానే మెట్ల మీదే దాన్ని చింపి, చివరి పేజీ తిప్పి, స్కాన్ చూసిన డాక్టరు తేల్చింది రాసే ‘ఇంప్రెషన్’ అన్న చోట వేలు పెట్టి చదువుతారు. అక్కడ ‘మెటాస్టాటిక్’ అన్న మాట, అంటే క్యాన్సర్ పుట్టిన చోటు నుంచి ఇంకో చోటికి చేరిందని చెప్పే మాట, కనబడిందంటే వెంటనే ఫోన్ తీస్తారు. పావుగంట తిరక్కుండా శ్రీకాకుళంలో ఉన్న మేనమామ దాకా కబురు వెళ్ళిపోతుంది: ‘పాకేసిందట.’ విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) చుట్టుపక్కల, మహారాణిపేట నుంచి జగదాంబ వరకు ఉన్న సెంటర్ల ముందు ఇది తరచూ కనబడే దృశ్యం. అలా వెళ్ళిన కబుర్లలో కొన్ని నిజం, కొన్ని సగం నిజం, కొన్ని అసలు నిజమే కాదు. ఏది ఏదో తేల్చుకోవాలంటే ముందు ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో, ఎన్ని రకాలుగా వాడతారో తెలియాలి. ఆ తర్వాత రిపోర్టు చదవడం అంత కష్టం కాదు.

మాట పుట్టుక

మెటాస్టాసిస్ గ్రీకు మాట. ‘మెటా’ అంటే మార్పును, ఆవలికి పోవడాన్ని చెప్పే ఉపసర్గ. ‘స్టాసిస్’ అంటే నిలిచి ఉండటం. మన ‘స్థితి’, ‘స్థానం’ ఏ మూలం నుంచి వచ్చాయో ‘స్టాసిస్’ కూడా అక్కడి నుంచే వచ్చింది. భాషాశాస్త్రం లెక్కన స్థితీ స్టాసిస్సూ తోబుట్టువులు. అందుకే ‘స్థానాంతరం’ అన్న మాట దీనికి దాదాపు అతికినట్టు సరిపోతుంది. కానీ వార్డులో ఆ మాట ఎవరూ అనరు. డాక్టర్లు తమలో తాము ‘మెట్స్’ అంటారు, పాతకాలం వాళ్ళయితే ‘సెకండరీస్’ అంటారు, రోగి వాళ్ళతో ‘పాకింది’ అంటారు.

ఇంగ్లీషులో ఇది 16వ శతాబ్దంలో ముందు ఉపన్యాసకళకు సంబంధించిన మాటగా వచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక విషయం నుంచి ఇంకో విషయానికి గబుక్కున జారిపోవడాన్ని అలా అనేవారు. వైద్యంలోకి 17వ శతాబ్దంలో వచ్చింది. అప్పుడు దాని అర్థం జబ్బు ఒక చోటు ఖాళీ చేసి ఇంకో చోట తేలడం. గవదబిళ్ళల్లో చెంపల వాపు తగ్గుతుండగా వృషణాలు వాస్తే పాత వైద్యులు దాన్ని మెటాస్టాసిస్ అనేవారు. క్యాన్సర్‌కు ఈ మాటను ఇప్పటి అర్థంలో వాడింది పారిస్ వైద్యుడు జోసెఫ్ రెకామియే, 1829లో.

పాత అర్థానికీ కొత్త అర్థానికీ మధ్య ఒక తేడా ఉంది. పాత అర్థంలో జబ్బు ఇల్లు మారుతుంది. కొత్త అర్థంలో మొదటి ఇల్లు అలాగే ఉంచి ఇంకో చోట కాపురం పెడుతుంది. మన ఇళ్ళల్లో ఇప్పటికీ పాత అర్థమే నడుస్తోంది. ‘రొమ్ము తీసేశారు కదండీ, మరి మూడేళ్ళకి ఎముకలోకి ఏటి వెళ్ళింది?’ అని అడిగేది అందుకే. ఆ కణాలు చాలావరకు ఆపరేషన్‌కు ముందే రక్తంలోనో శోషరసంలోనో (లింఫ్) కొట్టుకుపోయి ఎముకలో దిగి ఉంటాయి. నెలలు, ఏళ్ళు కదలకుండా పడుండి, తర్వాత పెరుగుతాయి. ఆపరేషన్ చేసినవాళ్ళు సరిగ్గా చెయ్యలేదని అనుకోవడానికి ఇది ఆధారం కాదు.

‘పాకింది’ అంటే ఏ పాకడం?

గొడవంతా ఈ తెలుగు మాటలోనే ఉంది. మూడు వేర్వేరు సంగతులకు మనం ఒకే మాట వాడుతున్నాం.

మొదటిది, పుట్టిన చోటే పక్కకు చొరబడటం. దీన్ని రిపోర్టులో ‘ఇన్వేసివ్’, ‘ఇన్‌ఫిల్ట్రేటింగ్’ అంటారు. క్యాన్సర్ పేరు కూడా ఈ గుణాన్నే గుర్తుచేస్తుంది. గ్రీకులో కార్కినోస్, లాటిన్‌లో క్యాన్సర్, మన సంస్కృతంలో కర్కటం, అన్నిటికీ అర్థం పీతే. గడ్డ చుట్టూ ఉబ్బిన నరాలు పీత కాళ్ళలా కనిపించాయని ఆ పేరు పెట్టారు. ఫిషింగ్ హార్బరులో బుట్టలోంచి పీతను లాగి చూడండి. అది ఎంత గట్టిగా వలను పట్టుకున్నా కాళ్ళు దాని ఒంటికే ఉంటాయి. చొరబడటం అలాంటిది. రొమ్ము బయాప్సీలో (ముక్క తీసి చేసే పరీక్షలో) ‘ఇన్‌ఫిల్ట్రేటింగ్ డక్టల్ కార్సినోమా’ అని ఉంటే అది జబ్బు పేరు. ఒళ్ళంతా వ్యాపించిందన్న అర్థం అందులో లేదు.

రెండోది, దగ్గరి శోషరస గ్రంథులకు (లింఫ్ నోడ్స్) చేరడం. రొమ్ము క్యాన్సర్ చంకలోకి, నోటి క్యాన్సర్ మెడలోకి వెళ్తుంది. ఉత్తరాంధ్ర తీరం పల్లెల్లో చుట్టను నిప్పు నోట్లోకి పెట్టి అడ్డపొగ తాగే ఆడవాళ్ళకు అంగిట్లో క్యాన్సర్ వస్తుంది. అందులో దవడ కింద, మెడలో నొప్పిలేని గట్టి గడ్డ తగిలితే చూసేది దీని కోసమే. ఇది కూడా మెటాస్టాసిస్సే, రిపోర్టులో ‘నోడల్ మెటాస్టాసిస్’ అని రాస్తారు. కానీ దీన్ని దూరపు అవయవాలకు వెళ్ళిన దానితో కలిపి లెక్కించరు. చాలా క్యాన్సర్లలో ఇది నయం చేయడానికే వైద్యం మొదలుపెట్టే దశ. ‘మెటాస్టాసిస్’ చూసి నాలుగో స్టేజి అనుకునేవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

మూడోది, దూరపు అవయవంలో కొత్తగా మొలవడం. దీనికి ‘పాకడం’ అస్సలు తగదు. గుమ్మడి తీగ పాకుతుంది, దాని ప్రతి ఆకూ వేరుతో కలిసే ఉంటుంది. ఇది రావి మొక్క లాంటిది. వన్‌టౌన్‌లో పాత ఇళ్ళ పిట్టగోడల మీద రావి మొలిచి ఉండటం చూసే ఉంటారు. పిట్ట ఎక్కడో పండు తిని, విత్తనం ఇక్కడ వదిలింది. సున్నం పగుల్లో తడి దొరికి మొలిచింది. గోడ మీద మొలిచినంత మాత్రాన అది గోడ మొక్క అయిపోదు, రావే. అలాగే ఎముకలో మొలిచిన రొమ్ము క్యాన్సర్ రొమ్ము క్యాన్సరే, ఎముక క్యాన్సర్ కాదు. మందులూ రొమ్ము క్యాన్సర్‌వే ఇస్తారు. ‘మా అమ్మకి ముందు రొమ్ము క్యాన్సర్, ఇప్పుడు కొత్తగా లివర్ క్యాన్సర్’ అని ఇంకో ఆస్పత్రిలో చెబితే, అక్కడ కథంతా పక్కదారి పడుతుంది. ‘రొమ్ము క్యాన్సర్, లివర్‌లో మెట్స్’ అని చెప్పండి.

ఈ విత్తనం, నేల పోలిక వైద్యంలోనూ ఉంది. 1889లో లండన్ వైద్యుడు స్టీఫెన్ పేజెట్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది శవపరీక్ష వివరాలు ముందు పెట్టుకుని చూశాడు. రక్తం అన్ని అవయవాలకూ వెళ్తుంది, అయినా లివర్‌లో గడ్డలు విపరీతంగా, ప్లీహంలో అరుదుగా ఉన్నాయి. విత్తనం ఎక్కడ పడినా, సరిపడే నేల దొరికిన చోటే మొలుస్తుందని ఆయన తేల్చాడు. డాక్టర్లు ఏ క్యాన్సర్‌కు ఏ చోట వెతకాలో నేటికీ ఈ లెక్కన ఆలోచిస్తారు. ప్రోస్టేట్‌ది ఎక్కువగా వెన్నెముక, నడుము ఎముకల్లోకి వెళ్తుంది. పెద్దపేగుది లివర్‌లోకి, ఎందుకంటే పేగు రక్తం ముందు అక్కడికే చేరుతుంది. ఊపిరితిత్తులది మెదడు, ఎముకలు, లివర్, అడ్రినల్ గ్రంథుల్లోకి. రొమ్ముది ఎముకలు, ఊపిరితిత్తులు, లివర్, మెదడులోకి. అందుకే ఒక్కొక్కరికి ఒక్కో స్కాన్ రాస్తారు. పక్క బెడ్ ఆవిడకు రాసిన స్కాన్ మనకు రాయలేదని బెంగ పెట్టుకోనక్కర్లేదు.

రిపోర్టులో ముందు చూడాల్సింది పక్కనున్న మాటలు

‘మెటాస్టాసిస్’ అన్న మాట ఒక్కదాన్నే చూడకండి. దాని ముందూ వెనకా ఉన్న మూడు నాలుగు మాటలతో కలిపి చదవండి.

‘అడ్వైజ్డ్ మెటాస్టాటిక్ వర్కప్’ అంటే ఇంకెక్కడైనా ఉందేమో వెతకమని సలహా. ఏమీ దొరికినట్టు కాదు. కంగారు పెట్టే వాక్యాల్లో మొదటిది ఇదే.

‘టు రూల్ ఔట్ మెటాస్టాసిస్’ స్కాన్ ఎందుకు తీస్తున్నారో చెప్పే కారణం. పేజీ పైభాగంలో, ‘క్లినికల్ హిస్టరీ’ దగ్గర ఉంటుంది. అది ఫలితం కాదు, డాక్టరు గారి చీటీలోంచి ఎత్తి రాసింది.

‘నో ఎవిడెన్స్ ఆఫ్’ అని ముందుంటే ఆ స్కాన్‌లో కనబడలేదని. కంటికి, యంత్రానికి అందనంత చిన్నవి ఉండొచ్చు కాబట్టే కనబడకపోయినా కీమో ఇవ్వాల్సి రావచ్చు.

‘సస్పిషియస్ ఫర్’, ‘లైక్లీ’, ‘ఇండిటర్మినేట్’, లేదా ‘మెట్స్’ ముందు ప్రశ్నార్థకం ఉంటే అనుమానం. ఊపిరితిత్తుల్లో సెంటీమీటరు కంటే చిన్న మచ్చలకు తరచూ ఇలా రాస్తారు. మన దగ్గర పాత టీబీ మచ్చలు చాలామందికి ఉంటాయి. టీబీ గ్రంథులు పెట్ స్కాన్‌లో (చక్కెర లాంటి మందు ఎక్కించి తీసే స్కాన్) క్యాన్సర్ లాగే వెలుగుతాయి కూడా. అందుకే అవసరమైన చోట సూదితో ముక్క తీసి చూస్తారు, లేదా కొన్ని వారాలు ఆగి మళ్ళీ స్కాన్ తీస్తారు.

‘మెటాస్టాటిక్ డిపాజిట్స్’, ‘మల్టిపుల్ మెటాస్టాసీస్’ అంటే ఉన్నట్టు. చివర ‘సిస్’ ఉంటే ఒకటి, ‘సీస్’ ఉంటే ఒకటి కంటే ఎక్కువ. స్కాన్‌లో ఇలా ఉన్నా, అది నీడ చూసి చెప్పిన మాట. బయాప్సీలో ‘మెటాస్టాటిక్ అడినోకార్సినోమా’ అని ఉంటే కణాన్నే చూసి చెప్పినట్టు. రెండింటి బరువు వేరు.

క్యాన్సర్‌తో సంబంధం లేని వాడుక కూడా ఒకటుంది: ‘మెటాస్టాటిక్ కాల్సిఫికేషన్.’ ఈ పేరు 1855లో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పెట్టింది. రక్తంలో కాల్షియం, ఫాస్ఫేట్ పెరిగి మామూలు కణజాలంలో సున్నంలా పేరుకోవడాన్ని అలా అంటారు. కిడ్నీలు పాడైనవాళ్ళలో వస్తుంది. ఉద్దానం వైపు నుంచి విశాఖకు వచ్చే కిడ్నీ రోగుల రిపోర్టుల్లో ఈ మాట కనబడితే, అది క్యాన్సర్ కాదని ముందు గుర్తుపెట్టుకోండి. పట్టించుకోవాల్సిందే, కానీ కిడ్నీ డాక్టరు గారి దగ్గర. అలాగే ‘మెటాప్లేసియా’ అంటే కణాల రకం మారడం, ‘మెటాటార్సల్’ అంటే పాదంలో ఎముక. ‘మెటా’ చూడగానే భయపడనక్కర్లేదు. ‘మెటాక్రోనస్’ అంటే మాత్రం మొదటి గడ్డ తర్వాత కొంతకాలానికి బయటపడిందని. ఒకేసారి బయటపడితే ‘సింక్రోనస్’.

అక్షరాలూ అంకెలూ

ఆపరేషన్ తర్వాత వచ్చే పాథాలజీ రిపోర్టు చివర ఇలాంటి వరస ఉంటుంది: ‘గ్రేడ్ 3, ఎల్‌వీఐ ప్రెజెంట్, పీటీ2, పీఎన్1 (2/14)’. కేసు షీటులో దీని పక్కన ‘సీఎమ్0’ చేరుస్తారు. రొమ్ము క్యాన్సర్‌ది అనుకుని చదువుదాం.

గ్రేడ్ 3 అంటే కణాలు మామూలు కణాల పోలిక బాగా కోల్పోయాయి, దూకుడుగా పెరిగే రకం అని. ఇది మూడో స్టేజి కాదు. ఈ రెండూ కలగాపులగం చెయ్యడం వల్ల ఇళ్ళల్లో జరిగే ఏడుపులు అన్నీఇన్నీ కావు. ఎల్‌వీఐ అంటే గడ్డలోని సన్నని రక్తనాళాల్లో, శోషరసనాళాల్లో కణాలు కనబడ్డాయని, అంటే విత్తనం పిట్ట నోట్లో ఉంది. ఇంకెక్కడో మొలిచిందని అప్పుడే చెప్పలేం. పీటీ2 అంటే గడ్డ 2 సెంటీమీటర్లు దాటి 5 లోపు. ముందున్న ‘పీ’ అంటే కోసి చూసి చెప్పింది, ‘సీ’ అంటే పరీక్షలు, స్కాన్లు చూసి అంచనా వేసింది, ‘వైపీ’ అంటే కీమో అయ్యాక కోసి చూసింది. 2/14 అంటే చంకలోంచి 14 గ్రంథులు తీస్తే 2 గ్రంథుల్లో క్యాన్సర్ ఉంది. ఒకటి నుంచి మూడు దాకా ఉంటే ఎన్1. పక్కన ‘ఎంఐ’ అని ఉంటే ఆ గ్రంథిలో దొరికింది 0.2 మిల్లీమీటర్లు దాటి 2 మిల్లీమీటర్ల లోపే. సీఎమ్0 అంటే దూరపు అవయవాల్లో ఉన్న ఆనవాలు లేదు. ఎమ్1 అంటే ఉంది. మీరు అన్నిటికంటే ముందు వెతకాల్సిన అక్షరం ఈ ఎమ్. పాత రిపోర్టుల్లో ‘ఎమ్ఎక్స్’ అని కూడా ఉంటుంది. దాని అర్థం ఇంకా చూడలేదని, అంతే.

ఎమ్1 అని ఉంటే చాలా క్యాన్సర్లలో నాలుగో స్టేజి. అక్కడితో దారులన్నీ మూసుకుపోయాయని అనుకోకండి. రెండు మూడు చోట్లే, మొత్తం మీద అయిదు దాటకుండా ఉంటే ‘ఆలిగోమెటాస్టాటిక్’ అంటారు. గ్రీకులో ‘ఆలిగో’ అంటే కొద్ది. పెద్దపేగు క్యాన్సర్ లివర్‌లో కొద్ది చోట్లే మొలిస్తే ఆ భాగం కోసి తీసేసి ఏళ్ళ తరబడి బాగున్నవాళ్ళు ఉన్నారు. కాబట్టి ఎమ్1 అని తెలిసినప్పుడు అడగాల్సిన తర్వాతి ప్రశ్న: ‘ఎన్ని చోట్ల, ఎంత సైజు?’

స్కాన్ రోజున, ఫైలులో

పెట్ స్కాన్‌కు ముందు కనీసం 6 గంటలు మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోకూడదు. చక్కెర లేని కాఫీ కూడా వద్దు. నోట్లో చూయింగ్ గమ్, దగ్గు సిరప్ కూడా పనికిరావు. ఎక్కించేది చక్కెర లాంటి పదార్థం, రక్తంలో మామూలు చక్కెర ఎక్కువైతే బొమ్మ సరిగ్గా రాదు. షుగర్ 200 దాటితే చాలా సెంటర్లు తిప్పి పంపేస్తాయి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ ఎప్పుడు ఆపాలో స్లాట్ బుక్ చేసేటప్పుడే అడగండి. పాడేరు, పార్వతీపురం నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చేవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు, దారిలో టీ తాగేస్తారు. ముందు రోజు బరువులు మోయడం, ఎక్కువ నడక కూడా వద్దు, కండరాలు అనవసరంగా వెలుగుతాయి. ఇంజెక్షన్ తర్వాత దాదాపు గంటసేపు మాట్లాడకుండా పడుకోవాలి. ఆ రోజు కొన్ని గంటలు గర్భిణులకు, చంటిపిల్లలకు దూరంగా ఉండమంటారు. అది ఎక్కించిన మందులోని రేడియేషన్ వల్ల. దాని బలం 110 నిమిషాలకోసారి సగమవుతుంది. క్యాన్సర్ అంటుకుంటుందని కాదు. ఈ ఒక్క రోజు జాగ్రత్తను పట్టుకుని ఇంట్లో కంచం, గ్లాసు ఎప్పటికీ వేరు చేసేవాళ్ళున్నారు. అలా చెయ్యకండి. క్యాన్సర్ ఒకే ఒంట్లో చోటు మారుతుంది తప్ప పక్కన కూర్చుంటే, కలిసి తింటే ఒకరి నుంచి ఒకరికి రాదు.

కేజీహెచ్ నుంచి అగనంపూడిలో ఉన్న హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికో, అక్కడి నుంచి ఇంకో చోటికో వెళ్తున్నప్పుడు రిపోర్టు కాగితాలు చాలవు. మొదటి బయాప్సీ స్లైడులూ, ఆ ముక్కను మైనంలో పెట్టి ఉంచిన బ్లాకూ అడిగి తీసుకోండి. బ్లాకు వేసవిలో బ్యాగులో ఎండకు పెడితే మైనం మెత్తబడుతుంది, నీడన పెట్టండి. స్కాన్‌కు ఫిల్ములతో పాటు సీడీ అడగండి. ఫిల్మ్ మీద కనబడేది కొన్ని బొమ్మలే, సీడీలో అన్నీ ఉంటాయి. పాత స్కాన్ పారేయకండి. ఆ మచ్చ ఆరు నెలల కిందట కూడా అంతే ఉందని తేలితే ఒక బయాప్సీయే తప్పవచ్చు.

బయాప్సీ మాట వచ్చింది కాబట్టి: ‘కత్తి పడితే పాకేస్తుంది’ అన్న భయంతో సూది వద్దని వెళ్ళిపోయేవాళ్ళు చాలామంది. సూది దారిలో కణాలు మొలవడం చాలా అరుదు. ఏ గడ్డల్లో ఆ ముప్పు ఉందో వైద్యులకు తెలుసు. వృషణంలో క్యాన్సర్ అనుమానం ఉంటే సూది గుచ్చకుండా గజ్జ దగ్గర కోసి మొత్తంగా తీస్తారు. కండరాల్లో, ఎముకల్లో గడ్డకు ఆపరేషన్‌లో తీసేయగలిగిన దారిలోనే సూది పెడతారు. అందుకే అలాంటి గడ్డలకు బయాప్సీ కూడా ఆపరేషన్ చేసే చోటే చేయించుకోవాలి. అసలు నష్టం చేసేది పసరు కట్లు కట్టించుకుంటూ పోగొట్టుకున్న నెలలు.

ఆగకూడని లక్షణాలు

క్యాన్సర్ ఉన్నవాళ్ళకు, లేదా ఎప్పుడో తగ్గినవాళ్ళకు, వెన్నులో కొత్త నొప్పి వచ్చి పడుకుంటే ఎక్కువైతే, కాళ్ళు బరువెక్కినా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగినా, అది వెన్నుపాము మీద ఒత్తిడి కావచ్చు. సోమవారం ఓపీ దాకా ఆగకండి. ఆ రోజే, రాత్రయినా సరే, క్యాజువాల్టీకి వెళ్ళి ‘క్యాన్సర్ పేషెంటు, కాళ్ళు పట్టు తప్పుతున్నాయి’ అని మొదటి మాటగా చెప్పండి. నడవగలిగినప్పుడు వైద్యం మొదలైతే నడక నిలబడే అవకాశం ఎక్కువ, పూర్తిగా పడిపోయాక తిరిగి రావడం కష్టం. పొద్దున్నే తలనొప్పితో వాంతులు, మొదటిసారి ఫిట్స్ వస్తే మెదడు స్కాన్ కావాలి. ఎముకల్లో మెట్స్ ఉన్నవాళ్ళకు విపరీతమైన దాహం, మలబద్ధకం ఉండి, మత్తుగా ఉంటూ పొంతన లేకుండా మాట్లాడితే రక్తంలో కాల్షియం చూడమనండి. అది సరిచేయగలిగిన సంగతి.

ఓపీలో దొరికేది అయిదు నిమిషాలు. ‘పాకిందా డాక్టరు గారూ?’ అని అడిగితే ‘ఆఁ, కొంచెం’ అన్న జవాబుతో బయటికి రావాల్సి వస్తుంది. ఫైలు అట్ట వెనక ఈ ప్రశ్నలు రాసుకుని వెళ్ళండి: ‘పుట్టిన చోటే చొరబడిందా, గ్రంథులకు చేరిందా, దూరంగా ఎక్కడైనా మొలిచిందా? మొలిస్తే ఎన్ని చోట్ల? స్కాన్ చూసి చెప్తున్నారా, ముక్క తీసి చూశారా? ఇప్పుడిచ్చే వైద్యం నయం చెయ్యడానికా, అదుపులో పెట్టడానికా?’ జవాబు పక్కనే తారీఖు వేసి రాయండి. మేనమామకు ఫోన్ చేసేటప్పుడు ఆ కాగితం చూసి చదవండి.